రెండు గీతల జాగ

ప్యాడు పట్టుకొని వచ్చిన పిల్ల
ఏడో ప్రశ్న కాడ ఆగింది.
"ఈ పనిలకు ఎందుకొచ్చిండ్రు, ఎందుకు ఉన్నరు?"
జవాబుకు రెండు గీతల జాగ ఉన్నది.

సేవ అని రాసుకో బిడ్డా, జల్ది అయిపోతది.

నిజమైతే, మీటింగు హాల్ల ఫ్యాను తిరుగుతుండె.
ఎండకాలం. భోలక్‌పూర్ల తోళ్ల గోదాముల ఉప్పు వాసన
రేకుల కింద ఉడుకుతున్న దినాలు.
కూసుంటె చాయ్ ఇస్తరు,
మెడల పేరు బిళ్ల ఏస్తరంటె పోయిన.
నా పేరు అచ్చుల సూసుడు అదే మొదలు.
మాణెమ్మల దీర్ఘం ఎగిరిపోయింది,
అయిన నాదే.

ఏడుగురు టీబీ మనుషులు నా పాలికొచ్చిండ్రు.
గోలీ మింగేదాక నిలబడాలె, గంతే పని.
తలుపు కొడితె నఫీసున్నిసా గాజులు ముందు పలుకుతయి,
ఎనుక దగ్గు.
"ఆగయీ మేరీ పోలీస్" అనుకుంట
మింగి, నోరు తెరిచి సూపెడ్తది
బడిపిల్ల లెక్క.
పాతినుము ఏరే బక్కయ్య
గోలీలు మోరీల ఏసి మింగిన అంటుండె.
ఉచ్చ ఎర్రగొచ్చిందా అంటె తల దించిండు.
మోరీకి తగ్గింది దగ్గు, నీకెట్ల తగ్గుతదని తిట్టిన.

ఒకపారి ఇడిసిపెట్టిన.
ఇది రాసుకోకు.
నాలుగు నెలలు పైసలు రాలే, మోకాలు వాచింది,
అన్ని ఇండ్లకు ఇనుప మెట్లే.
ఇంట్లాయన "పిచ్చా నీకు" అన్నడు.
నిజమే అనిపిచ్చింది.
బిళ్ల మేకుకు తగిలిచ్చిన.
ఆఫీసోళ్లు ఫోనన్న చెయ్యలే.

పదకొండో దినం చీకటితోని
నల్లా కింద బిందె పెడుతుంటె
నఫీసున్నిసా మనుమడొచ్చిండు.
చేతిల గోలీల అట్ట, అన్ని గుంటలు ఖాళీ.
"నానీ బోలీ, దిఖాకే ఆ."
ఎవలు నిలబడకున్న మింగింది.
మింగినంక ఎవలకు సూపెట్టాల్నో తెల్వక
నాకు సూపెట్టి రమ్మన్నది.

అట్టను వీధిలైటుకు పట్టి సూసిన.
చిరిగిన సందులల్ల నుంచి ఎలుగు పడ్డది మొకం మీద.
బిందె నిండి పొర్లుతున్నది.
మా గల్లీల నీళ్లు పొర్లుడంటె పాపం.
అట్లనే నిలబడ్డ.

బక్కయ్య దక్కలే.
ఆయన తలుపు కాడ ఇప్పటికి
నా కాళ్లు నిమ్మలమైతయి.
నువ్వు పెన్ను మూత పెట్టినవు, మంచిగైంది.

ఆరైతున్నది. వస్తవా, మెట్లు జాగ్రత్త.
నఫీసున్నిసా మందులు బందై రెండేండ్లు.
అయిన తలుపు కొడ్త.
గాజులు పలుకుతయి.
చెవి పెట్టి ఇంట,
దగ్గు రాదు.