నునుపు చెయ్యని చోటు

కమిటీ వాళ్లు అడిగింది చిన్న కోరికే:
చేతికి బరువు తెలియాలి, కొంచెం మెరవాలి,
దూరంనుంచి చూసినా బహుమతి అని తెలిసిపోవాలి.
శుక్రవారానికల్లా కావాలి.

ఐస్‌లాండ్ పడమటి కొసన
చేపల గిడ్డంగిని ఆనుకున్న గదిలో
హాల్వేగ్ కంప్యూటర్ ముందు కూర్చుంది.
పదేళ్ల కిందటిదాకా వలలు బాగుచేసిన చేతులు.
ఇప్పుడు మౌసు పట్టుకున్నా
చూపుడువేలు ముడి కోసం తడుముతూనే ఉంటుంది.

మొదట నక్షత్రం గీసింది. చెరిపింది.
రెక్కలు విప్పిన సముద్రపు డేగను గీసింది.
త్రీడీ ప్రింటర్ రాత్రంతా మేలుకుని
పోగు మీద పోగు పోసి పోసి
తెల్లారేసరికి ఒంటిరెక్క కోడిని అప్పగించింది.
అది ఇంకా కిటికీలోనే ఉంది,
స్క్రూల డబ్బాకి కాపలాగా.

పోనీ, ముందు పేరు చెక్కి చూద్దామనుకుంది. థురీదుర్.
లేజరు సన్నగా పొగ వదులుతూ
ఆ పేరులో రెండుచోట్ల
ఖాళీ డబ్బాలు కాల్చిపెట్టింది.
ఆ ఫాంటుకి వాళ్ల అక్షరాలు రావు.
ఒత్తు ఊడి పక్కన పడ్డ తన పేరుని
శుభలేఖ మీద చూసుకున్న తెలుగువాడికి
ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.
ఆ రెండక్షరాలనీ హాల్వేగ్ తనే గీసింది,
చుక్క చుక్కా పట్టి లాగి
పలక మీద పిల్లచేత దిద్దించినట్టు.

ఇంతకీ థురీదుర్ ఏం చేసింది?
జనవరిలో, మంచు అడ్డంగా కురిసే రాత్రి
రక్షణ పడవ తీసుకుని ఫ్యోర్డ్‌లోకి వెళ్లింది.
ముగ్గురి కోసం వెళ్లి ఇద్దరితో వచ్చింది.
ఆ ఇద్దరి లెక్కకి ఊరు ఇస్తున్న బహుమతి ఇది.

బుధవారం, పడవలోని జీపీఎస్ ఫైలు తెప్పించి
తెర మీద పరిచింది హాల్వేగ్.
గీత వెళ్లింది, మలుపు తిరిగింది,
కాస్త పక్కకి జరిగి మళ్లీ వచ్చింది.
చాలు పక్కన చాలు, చాలు పక్కన చాలు,
ఎక్కడా చాలు అనుకోకుండా.

ఆమె చాలాసేపు కదల్లేదు.
వెనకాల ఉన్న మిల్లింగ్ యంత్రం నడకా అచ్చం ఇదే.
కాకపోతే యంత్రానికి
ఏం దొరుకుతుందో ముందే తెలుసు.

సైబీరియా నదులు వదిలేస్తే
ఏళ్లకేళ్లు మంచుతో పాటు తేలి
ఈ ఒడ్డుకి కొట్టుకొచ్చిన లార్చ్ దుంగ ఒకటుంది.
దాన్ని పలకగా కోసి బిగించింది.
పడవ గీతనే యంత్రానికి దారిగా ఇచ్చింది.
పడవ ఆగినచోటల్లా ఉలి ఆగాలని రాసింది,
నిమిషానికి ఒక సెకను చొప్పున.

ఒకచోట పదకొండు సెకన్లు.
ఉలి ముందుకి పోదు, పైకి లేవదు,
ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది.
చెక్క కమిలింది. మాడు వాసన.
హాల్వేగ్ చెయ్యి ఎర్ర బటన్ దాకా వెళ్లి
వెనక్కొచ్చింది.

చాళ్ల మధ్య సన్నని గట్లు మిగిలాయి.
మూడు రకాల ఇసుక కాగితం బల్ల మీదే ఉంది.
ముట్టుకోలేదు.

శుక్రవారం అధ్యక్షుడు దాన్ని అటూ ఇటూ తిప్పి
"పూర్తయిందా ఇది?" అన్నాడు.
"అయింది."

బడి హాలు. కాఫీ, తడిసిన ఉన్ని కోట్లు.
పేరు పిలిచారు. చప్పట్లు.
థురీదుర్ పేరున్న వైపు చూడనేలేదు.
వేదిక మీదే కళ్లజోడు నుదుటి మీదికి తోసి
గాడిలో వేలు పెట్టి నడిపించడం మొదలుపెట్టింది.
ఒక చాలు. పక్క చాలు.
చప్పట్లు సన్నబడి, ఆగాయి.
మైకు పట్టుకున్న కుర్రాడు ఎటు చూడాలో తెలియక
తన బూట్లవైపు చూశాడు.

నల్లటి గుంట దగ్గర వేలు నిలిచిపోయింది.

"ఇక్కడ," అంది,
"ఇంజను ఆపి విన్నాను."

ఇంకేమీ అనలేదు.
అది గిన్నె కాదు, అందులో ఏమీ పోయలేదు.
అయినా రెండు చేతులా పట్టుకుని
తొణుకుతుందేమో అన్నట్టు
ఒక్కో మెట్టే దిగింది.