నరం రాకముందు

నెక్కార్ నది మీద మంచు విడవకముందే
ఇర్మ్‌ట్రౌట్ అట్టపెట్టె మోసుకొచ్చేది.
నలభై ఎనిమిది గుడ్లు.
కోళ్ళ హైనర్ లెక్కపెట్టి ఇచ్చినవి,
రెండింటికి గడ్డిపరక అంటుకునే ఉండేది.

నాలుగు రోజుల పొదుగు తర్వాత కిటికీ కోసేది:
వంకర కత్తెర, ఊపిరి బిగబట్టిన వేళ్ళు,
ఫెనిగ్ కాసంత పెంకు.
లోపల ఎర్రటి దారాల చిక్కు,
నడుమ తనంతట తానే కొట్టుకునే చుక్క,
పక్కన, రెక్క కాబోయే మొటిమ.

ఆ మొటిమలో నరం లేదు.
వెన్ను దగ్గర బయలుదేరింది గానీ
ఇంకా గడప తొక్కలేదు.

అయినా దాన్ని పొరలు పొరలుగా కోసి
గాజు పలక మీద పరిచి
చీకటి డబ్బాలో ఆరు వారాలుంచి కడిగితే
నల్లగా, ఆవాలు చల్లినట్టు, వెండి రేణువులు.
నరం మాట వినాల్సిన చెవులు
నరమే లేని చోట!

నేను నవ్వాను.
ఆలూ లేదు, చూలూ లేదు,
సోమలింగానికి అప్పుడే చెవులు కుట్టించేశారని.

ఇర్మ్‌ట్రౌట్ నవ్వలేదు.
విననే లేదేమో, కుడి చెవి పుట్టు చెవుడు,
ఎడమది సగం.
పొదుగు యంత్రం మూత మీద అరచెయ్యి ఆనించి
కాసేపు అలాగే నిలబడింది.
"ఫ్యాను బెల్టు వదులైంది," అంది.
నాకు ఏ తేడా వినపడలేదు.
మధ్యాహ్నం మెకానిక్ విప్పి చూస్తే
నిజమే.

సాయంత్రం పెట్టె సర్దుతూ, అడక్కుండానే:
"అవి ఎవరి కోసమో కాచుక్కూర్చున్నాయని
నువ్వనుకుంటున్నావు.
కాచుకోవడం లేదు. పనిలో ఉన్నాయి.
జరుగు, ముడుచుకో, ఇక్కడ ఎముక, ఇక్కడ సందు,
ఒకదాన్నొకటి తట్టి చెప్పుకుంటున్నాయి.
ఆ మాటే తర్వాత నరం నేర్చుకుంటుంది,
తనదేనంటుంది."
పిండం కట్టని ఏడు గుడ్లు
గుడ్డలో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళింది,
రాత్రికి నూడుల్స్ పిండి కలపడానికి.

ఎనిమిదో రోజు పలక.
నరం వచ్చేసింది, కొమ్మలు వేసుకుంటూ, హడావిడిగా.
ఎముక కాబోయే చోట మాత్రం
ఒక్క రేణువూ లేదు.
శుభ్రంగా, తుడిచిన బల్లలా.

చీటీ మీద "ఖాళీ" అని రాయబోయాను.
ఆమె నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుంది,
మొన నాలికకి తాకించి
"అయింది" అని రాసింది.
తారీఖు వేసింది.
తర్వాతి పలక అందుకుంది.