మట్టం

మంచం దగ్గరికే మిషను తోసుకెళ్ళాను.
చక్రం ఒకటి కీచుమంటుంది, వార్డంతా లేస్తుంది.
సంగాని ధర్మయ్య, యాభై ఎనిమిది,
సఖినేటిపల్లి రేవులో పంటు సరంగు.
చల్లటి పలక వీపు కింద పెట్టి
రోజుకి నలభైసార్లు అనే మాటే అన్నాను:
గాలి పీల్చండి. బిగబట్టండి.

"ఆయ్" అన్నాడు గానీ
రెండు లెక్కెట్టేలోగా దగ్గు తన్నుకొచ్చింది.
ఫ్యానుకి చుట్టుకున్న వల కోయడానికి
వశిష్ఠలో మునిగి, పైనున్నవాళ్ళు భయపడేదాకా
తేలని మనిషంట.
వాళ్ళావిడ చెప్పింది,
ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టు.

తెర మీద ఊపిరితిత్తులు తేలాయి.
ఇక్కడ నలుపంటే మంచిది. నలుపంటే గాలి.
తెలుపు నీరు, తెలుపు చీము.
ఒక్కో పక్క మూడు గళ్ళు, మొత్తం ఆరు,
గడికి సున్నా నించి మూడు దాకా మార్కులు.
డాక్టరు వసుంధర గారు వేలితో చూపిస్తూ చెబుతుంటే
నేను రాస్తాను:
కింద కుడి, మూడు. కింద ఎడమ, మూడు.
(పల్లపు లంకలే కదా ముందు మునిగేది.)
నడుమ రెండేసి. పైన కుడి ఒకటి. పైన ఎడమ సున్నా.
పద్దెనిమిదికి పదకొండు.

సరంగుకి అంకెలు దాచలేం.
ధవళేశ్వరంలో ఎన్ని అడుగులో విని
పంటు కట్టెయ్యాలో వదలాలో తేల్చినవాడు.
"ఎన్నో హెచ్చరికండీ?" అన్నాడు మాస్కులోంచి.
రెండోది, అన్నాను.
చెప్పకూడదు. చెప్పేశాను.

చెప్పనిది ఒకటుంది.
ఆ బొమ్మలో పక్కటెముకలు రెండేసి గీతలుగా చెదిరాయి,
అతను బిగబట్టలేకపోయినందుకు.
మళ్ళీ తియ్యాల్సిన ఫిల్ము. తియ్యలేదు.
తెలుపుకి మార్కులున్నాయి,
కదిలిపోయినదానికి గడి లేదు.

ఆరు రోజులకి మళ్ళీ అదే కీచు చక్రం.
గాలి పీల్చండి. బిగబట్టండి.
ఒకటి. రెండు. మూడు.
నాలుగు.
"చాలండీ, వదిలెయ్యండి" అని
నేనే అనాల్సొచ్చింది.

మార్కులు మాత్రం పది.
నా మొహం చూసి డాక్టరమ్మ నవ్వింది:
మనిషి ముందు లేస్తాడు, ఫిల్ము నింపాదిగా లేస్తుంది.
నిజమే. వరద తీసిన నెలకి కూడా
మా ఇంటి గోడ మీద ఒండ్రు గీత ఉంటుంది,
దానికి ఆనుకునే కూర్చుని అన్నాలు తింటాం.

రిజిస్టర్లో పది అని రాశాను.
పక్కన, ఎవరూ అడగని చోట, పెన్సిల్తో
నాలుగు.