చూడ్డం

ముమ్మిడివరం హైస్కూల్లో కంటి శిబిరం.
ఆరో బెంచీ మీద ఓలేటి పోలయ్య, పంటు సరంగు.
అక్షరాలు రావన్నాడు.
మూడు కాళ్ళ గుర్తు చూపించాను,
కాళ్ళు ఎటున్నాయో చెప్పు తాతా.

"ధవళేశ్వరం కాడ ఏరు చీలినట్టుంది.
సముద్రం ఇటేపు."
చెయ్యి కుడికి చాచాడు. కరెక్టే.
రెండో వరుసలో సముద్రం తప్పిపోయింది.

మరి రాత్రిళ్ళు పంటెలా నడిపేవాడివి?

"గెడేసి లోతు చూత్తాను.
పోటొచ్చిందేమోనని పుక్కిలించి ఉప్పు చూత్తాను.
గాలి వాసన చూత్తాను.
అప్పటికీ ఇసక మేట అడ్డం పడితే
బతిమాలి చూత్తాను."

కాకినాడ కోర్సులో మాకు
సీ వేరు, లుక్ వేరు, వాచ్ వేరు.
తేడా రాయమంటే వాచ్ దగ్గర
రెండు మార్కులు పోగొట్టుకున్నాను.
ఈయనకి అన్నిటికీ ఒక్కటే మాట,
అందులో కంటి వాటా ఎంతని!

కార్డు మీద రాశాను:
కుడి కన్ను, ముదిరిన శుక్లం.
ఎడమ, మూరెడు దూరంలో వేళ్ళు.
ఆపరేషన్ చేయించుకుంటావా?

"చూద్దాంలెండి" అన్నాడు,
ఏటి మీద పుట్టిన ఎవరైనా అన్నట్టే,
చూడకుండా.

లేచి, కాలితో తడిమి
చెప్పులు చూసుకుని వెళ్ళాడు.
ఒకటి నాది.