ఖాళీ గీత

రాత్రంతా డాక్టర్ల గొంతులు విని టైపు చేస్తాను.
ఊపిరితిత్తుల్లో నీరు, ఎడమ మోకాలి చిప్ప,
రోజుకు రెండు మాత్రలు.
వినబడని చోట ఖాళీ గీత పెట్టాలి.
గీతలు మూడు దాటితే జీతంలో కోత.

తెల్లారగట్ల నాలుగున్నరకి క్యాబ్.
మాదాపూర్ నుంచి మౌలాలి దాకా
జహంగీర్ భాయ్ మాట్లాడడు,
అద్దం మాత్రం రెండు వేళ్లంత దించుతాడు.
అప్పుడు పెడతాను ఆ ఆల్బమ్.

గిటారో, తడి రేకు మీద జారే వెలుతురో.
ఆమె ఏ భాషలో పాడుతుందో,
అసలు పాడుతుందో,
పక్కగదిలో నిద్రలో ఎవర్నో పిలుస్తుందో.
ఒక్క మాటా చేతికి దొరకదు.

దుర్గం చెరువు వంతెన మీద
దీపాలు మంచులో నాని ఉబ్బాయి.
బేగంపేట వచ్చిందో, వెళ్లిపోయిందో.
ఒళ్లో వేళ్లు అలవాటుకొద్దీ కాసేపు కొట్టుకుని
వాటంతటవే ఊరుకున్నాయి.

మూడో పాట మొత్తం ఖాళీ గీతే.
ఎవరూ కోత పెట్టరు.

తార్నాక దగ్గర పాలవ్యాను హారను
పాటలోదే అనుకున్నాను.

ఇల్లొచ్చినట్టుంది.
ముందద్దంలో జహంగీర్ భాయ్ పెదాలు కదిలాయి.
ఏమన్నాడో,
మళ్లీ చెప్పమని అడగలేదు.