గడ్డి వంగలేదు

వెర్మాంట్‌లో ఓ చిన్న ఊరి లైబ్రరీ మేడమీద
నూట యాభై ఏళ్ల కిందటి వాగు, మూడు జింకలు.
బంగారు చట్రం ఒక మూల పెచ్చు లేచింది.

బయట నవంబరు వాన.
గొడుగు ముడిచి, కొమ్ముల జింక కంట్లో తడి చూసి
నేను మురిసిపోతుంటే
కాపలా ముసలాయన ఆల్డెన్, ఒకప్పటి వేటగాడు,
కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:
"కాళ్లు చూడు."

చూశాను.
నాలుగు గిట్టల కిందా
ఒక్క గడ్డిపరకైనా వంగలేదు.

"కొట్టంలో దూలానికి తాళ్లతో వేలాడదీసి గీసుంటాడు.
చలి కనక మూడు రోజులు చెడదు."

ఆ తర్వాత వాగు చప్పుడు వినబడలేదు నాకు.

పక్కనున్న పిల్ల జింకను మాత్రం
ఎక్కడో బతికుండగానే చూసినట్టున్నాడు.
ఒక చెవి ఇటు తిప్పి
నా గొడుగు నుంచి కారే చుక్కలు
వింటోంది,
ఎటు దూకాలో ఇంకా తేల్చుకోకుండా.