కర్త ఏది?

సాల్ఫర్డ్‌లో రాత్రి రెండుంబావు.
వార్తల అడుగున అక్షరాలు పరిచే పని నాది,
చెవులు వినబడనివాళ్ళ కోసం.
చదివేవాడి నోటికీ నా వేళ్ళకీ
మూడు సెకన్ల ఎడం.

"ఘర్షణల్లో రెండొందల మంది మృతి."
కొట్టాను. అచ్చుతప్పుల్లేవు.

ఆ వెంటనే, సముద్రం నుంచి దారితప్పి
కాలువలోకొచ్చిన సీల్ కూన.
దానికి నాలుగు నిమిషాలు,
పైగా ఓ పేరు: బిస్కెట్.
తెల్లారి ట్రామ్ కోసం వెళ్తే వంతెన నిండా జనం,
సంచుల్లో చేపలు, బడి ఎగ్గొట్టిన పిల్లలు.
వాళ్ళనేమీ అనను.
నేనూ ఆగి చూశాను.
కళ్ళు భలే ఉన్నాయి దానికి.

మా అంతస్తు తుడిచే దొమితిల్‌ది రువాండా.
ఆ రాత్రి చెత్తబుట్ట వొంపుతూ నా తెర చూసి
"ఎవరు చంపారు?" అంది.
వాక్యమంతా వెతికాను.
రెండొందలున్నారు. చావుంది. ఊరుంది,
ఊరి పేరు స్పెల్లింగ్ రెండుసార్లు సరిచూశాను కూడా.
చంపినవాడు లేడు.

"మాకప్పుడూ ఇంతే," అంది.
"ఒక స్టేషన్లో మా పేర్లు చదివేవాళ్ళు,
ఇంటి గుర్తులతో సహా.
ముల్లు తిప్పితే దూరదేశపు స్టేషన్,
తెగల కొట్లాట అనేది.
కొట్లాటంటే రెండువైపులా చేతులు లేవాలి కదా.
మా అన్న చేతిలో ఆ రేడియోనే ఉంది."
బుట్టకి కొత్త సంచి తొడిగి
పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆరో తరగతిలో పిచ్చమాంబ టీచరు నేర్పింది:
క్రియని పట్టుకుని 'ఎవరు?' అని నిలదీయి,
కర్త తనే బయటికొస్తాడు.
రాకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు.
కర్తని తీసేస్తే మిగిలేది కర్మేగా.
ట్రామ్‌లో ఎదుటి సీటాయన ఆ వార్త చదివి
తల అడ్డంగా ఊపి, పేజీ తిప్పాడు.
ఇంగ్లీషులో ఏదో అన్నాడు.
నాకు మాత్రం
"వాళ్ళ ఖర్మ" అనే వినబడింది.

మర్నాడు రాత్రి అదే ఊరు, అదే వాక్యం,
అంకె మారింది.
మూడు సెకన్లు దాటాయి.
ఆరు. తొమ్మిది.
వేళ్ళు కదల్లేదు.

ఫిర్యాదు ఒక్కటే వచ్చింది, బోల్టన్ నుంచి, ఓ ముసలావిడ:
పైన బొమ్మలో పరుగులు పెడుతున్నారు,
కింద మాటే లేదు,
ఎవరు ఎవర్ని ఏం చేశారో చెప్పరేం?

జవాబు నన్నే రాయమన్నారు.
అచ్చుతప్పుల్లేకుండా.